మాటల మూట: డాకెట్టు



ఒక్కొక్కప్పుడు ఒక మాట మన వెంటపడుతుంది. కిందటి నెల రెండో శనివారంనాడు ఎర్రగడ్డలో అటువంటి మాట ఒకటి పొద్దుటి నుంచి సాయంత్రంలోగా మూడుసార్లు నా చెవిన పడింది. చెప్పినవాళ్ళు ముగ్గురు మనుషులు. ముగ్గురివీ మూడు వేరు వేరు పనులు. మాట మటుకు ఒకటే: డాకెట్టు.

మొదట వచ్చినవాడు ఎదురింటి కుర్రవాడు. ఏడో తరగతి చదువుతున్నాడు. వాళ్ళ ఇంట్లో ఇంటర్నెట్టు రెండు రోజులుగా పనిచెయ్యటం లేదు. వాళ్ళ నాన్న ఫోను చేసి ఫిర్యాదు చేస్తే అవతలివాళ్ళు, "మీ డాకెట్ నంబరు రాసుకోండి," అని బోలెడన్ని అంకెలు చెప్పారట. కుర్రవాడు వాటిని లెక్కల నోటుపుస్తకం అట్ట మీద రాసుకుని నా దగ్గరికి పరుగెత్తుకు వచ్చాడు.

"సార్, డాకెట్ అంటే ఏంది సార్? రాకెట్ లాంటిదా?" అని అడిగాడు.

"కూచో, చెబుతాను," అని నేను అంటూ ఉండగానే మా సందు చివర ఉండే ముసలమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో కాగితాలు. ఆమె ఇంటి పక్క నడిచే దారి ఎవరిది అనే విషయమై చాలా కాలంగా కోర్టులో వ్యాజ్యం నడుస్తున్నది.

"సారూ, వకీలు దగ్గరి పిల్లగాడు ఈ కాగితం ఇచ్చిండు. డాకెట్ ఆర్డరంట. ఆర్డరంటే తీర్పే గద? నేను గెలిచిన్నా, ఓడిన్నా?" అన్నది. ఆమె గొంతు వణుకుతున్నది.

కాగితం చదివి ఆమెకు చెప్పవలసింది చెప్పి పంపాను. ఏం చెప్పానో తరవాత చెబుతాను.

మూడో మనిషి దగ్గరికి నేనే వెళ్ళాను. నేను పూర్వం పనిచేసిన ఒక పల్లెటూరి బడికి పంపుదామని ఆరు పెట్టెల పుస్తకాలు పోగుచేసి ఉంచాను. ఆ మధ్యాహ్నం వాటిని ఆటోలో వేసుకుని లారీ ఆఫీసుకు బయలుదేరితే కుర్రవాడు కూడా తోడు వచ్చాడు. అక్కడి గుమాస్తా పెట్టెలు తూచి, ఒక పుస్తకంలో రాసి, కాగితం చింపి నా చేతికి ఇస్తూ, "డాకెట్ జాగ్రత్త సార్. సామాను ఎక్కడున్నదీ దీన్నిబట్టే చెప్పగలం," అన్నాడు.

కుర్రవాడు నా చొక్కా పట్టుకు లాగాడు.

"చూసిండ్రా సార్, ఇక్కడ కూడా అదే మాట! ఫోనువాళ్ళకు అది అంకె. కోర్టువాళ్ళకు ఆర్డరు. లారీవాళ్ళకు రసీదు. ఒక్క మాట మూడు పనులు ఎట్ల చేస్తది సార్?"

మంచి ప్రశ్న. అందుకే ఈ నెల మన మూటలో నుంచి ఆ మాటను బయటికి తీసి విప్పి చూద్దాం.

డాకెట్టు అనేది ఇంగ్లీషు మాట. అది ఆ భాషలో అయిదు వందల ఏళ్ళకు పైగా ఉన్నది. మొదట్లో దాని అర్థం, "పెద్ద రాతకు చిన్న సారాంశం" అని. ఒక పొడుగాటి దస్తావేజు ఉన్నదనుకోండి. మడిచి, దారం కట్టి, అటువంటి మరి నూరు దస్తావేజుల మధ్య పెట్టారు. ఏడాది తరవాత అది కావలసి వచ్చింది. నూరింటినీ విప్పి చదవటం ఎవరి తరం? అందుకని మడత పైన, "ఫలానావారు ఫలానావారికి పొలం అమ్మిన పత్రం, ఫలానా తేదీ" అని రెండు ముక్కలు రాసి పెట్టేవారు. ఆ రెండు ముక్కలే డాకెట్టు. కట్ట విప్పకుండానే లోపల ఏమున్నదో అది చెబుతుంది.

ఈ మాట ఎలా పుట్టిందో నిఘంటువులు రాసేవాళ్ళు ఇంతవరకూ తేల్చలేదు. "డాక్" అనే మరొక ఇంగ్లీషు మాటకు జంతువు తోకను కత్తిరించి పొట్టి చెయ్యటం అని అర్థం ఉన్నది. పొడుగాటి రాతను కత్తిరించి పొట్టి చేస్తాము గనక, డాకెట్టు దాని నుంచి వచ్చి ఉండవచ్చునని కొందరి ఊహ. ఊహను ఊహగానే ఉంచుకుందాం.

మీలో కొందరు, "అయితే టిక్కెట్టు కూడా దీని చుట్టమేనా?" అని అడుగుతారు. ప్రాస కుదిరింది గాని చుట్టరికం కుదరలేదు. టిక్కెట్టు ఫ్రెంచి భాష నుంచి వచ్చింది. అక్కడ దాని మూలమాటకు అర్థం, అతికించిన చీటీ అని. విచిత్రమేమంటే, పెద్దలు మర్యాదకు వాడే "ఎటికెట్" అనే మాట కూడా అదే మూలం నుంచి వచ్చింది. కనక రైలు టిక్కెట్టూ, మర్యాదా తోబుట్టువులు. డాకెట్టు పక్కింటి పిల్ల.

సరే, పెద్ద రాతకు చిన్న సారాంశం అన్నాము గదా. ఇక్కడి నుంచి ఆ మాట మూడు కొమ్మలు వేసింది. ఒక కొమ్మ కోర్టుకు పోయింది. ఒకటి పనుల పట్టిక దగ్గరికి పోయింది. మూడోది సరుకుల మూటల మీదికి పోయింది.

మొదట కోర్టు సంగతి చూద్దాం.

అమెరికాలో కోర్టు ముందు ఉన్న వ్యాజ్యాల జాబితాను డాకెట్ అంటారు. ఒక్కొక్క వ్యాజ్యానికి ఒక డాకెట్ నంబరు ఉంటుంది. మన దేశంలో మటుకు ఏ రోజు ఏ వ్యాజ్యాలు విచారణకు వస్తాయో తెలిపే జాబితాను "కాజ్ లిస్టు" అంటారు. ఇక్కడ "కాజ్" అంటే కారణం అని పొరబడకండి. కోర్టు భాషలో దానికి వ్యాజ్యం అని అర్థం. మూసీ ఒడ్డున 1920లో తెరిచిన హైకోర్టు భవనాన్ని మీలో చాలామంది బస్సులో నుంచి చూసే ఉంటారు. 2019 జనవరి 1 నుంచి అది తెలంగాణ హైకోర్టు. అక్కడైనా, చిన్న కోర్టులలోనైనా, వకీళ్ళు పొద్దున్నే మొదట వెతికేది ఆ జాబితానే. తమ వ్యాజ్యం ఎన్నో వరసలో ఉన్నదో చూసుకుని దానినిబట్టి కోర్టు గదికి చేరుకుంటారు.

మరి డాకెట్ అనే మాట మన కోర్టులలో లేదా అంటే, ఉన్నది. ఆంధ్ర, తెలంగాణ జిల్లాల కోర్టులలో ప్రతి వ్యాజ్యం కట్టలోనూ డాకెట్ షీటు అని ఒక కాగితం ఉంటుంది. ఆ వ్యాజ్యం కోర్టు ముందుకు వచ్చిన ప్రతిసారీ ఆనాడు ఏం జరిగిందో దాని మీద తేదీ వేసి నాలుగు మాటలలో రాస్తారు. వాది వచ్చాడా, రాలేదా? సాక్షిని విచారించారా? తిరిగి ఎప్పుడు రావాలి? జడ్జీగారు సంతకం చేస్తారు. అలా రాసిన ఆనాటి మాటలే డాకెట్ ఆర్డరు. వ్యాజ్యమంతా తేల్చే తీర్పు వేరు. తీర్పు పుస్తకమంత ఉండవచ్చు. డాకెట్ ఆర్డరు ఒక్కొక్కప్పుడు రెండు పంక్తులే ఉంటుంది.

మా ముసలమ్మ కాగితంలోనూ రెండే పంక్తులు ఉన్నవి. వాది తరఫు సాక్ష్యం కోసం వ్యాజ్యాన్ని 14వ తేదీకి వాయిదా వేశారని వాటి సారాంశం.

"అమ్మా, నువ్వు గెలవనూ లేదు, ఓడనూ లేదు. 14వ తేదీన నీ సాక్షిని తీసుకుని కోర్టుకు పోవాలి," అన్నాను.

ఆమె తెల్లబోయింది. "24 గద సారూ? మా తోటికోడలు కొడుకు 24 అని చెప్పిండే!" అన్నది.

కాగితం మీద 14 అని స్పష్టంగా ఉన్నది. ఎక్కడో నోటి నుంచి చెవికి పోతూ 14 కాస్తా 24 అయింది. ఆమె 24న కోర్టుకు పోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. 14న ఆమె పేరు పిలుస్తారు. ఆమె గాని, ఆమె వకీలు గాని పలకకపోతే, వాది రాలేదన్న కారణం మీదనే వ్యాజ్యాన్ని కొట్టివెయ్యవచ్చు. దాన్ని మళ్ళీ తెరిపించటానికి దారి లేకపోలేదు. 30 రోజులలోగా అర్జీ పెట్టుకుని, రాలేకపోవటానికి తగిన కారణం చూపించాలి. దానికి మళ్ళీ ఖర్చు, తిరుగుడు. దారి తనదే అయినా, తేదీ తప్పినందుకు ఆమె అంత అవస్థపడాలి.

"వాయిదా" అన్నాము గదా, దాని కథ కూడా వినండి. అది అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మన భాషలోకి వచ్చింది. దాని మొదటి అర్థం మాట ఇవ్వటం, ప్రమాణం చెయ్యటం. "ఫలానా తేదీన చూస్తాము" అని కోర్టు మాట ఇచ్చిందన్నమాట! కాలక్రమాన ఆ మాట ఇవ్వటం పోయి, పని వెనక్కు నెట్టటం మిగిలింది. మాటలకు కూడా మనుషుల లాగే కష్టకాలాలు వస్తాయి.

కోర్టు కట్టలు లక్షల్లో ఉంటాయి. ఏ కట్ట ఎక్కడిదో తెలియాలంటే గుర్తు ఉండాలి. అందుకని ఇప్పుడు మన దేశంలోని జిల్లా కోర్టుల వ్యాజ్యాలకు 16 స్థానాల గుర్తు ఇస్తున్నారు. మొదటి రెండు స్థానాలు రాష్ట్రం, తరవాతి రెండు జిల్లా, ఆ తరవాతి రెండు కోర్టు, పైన ఆరు వ్యాజ్యం సంఖ్య, చివరి నాలుగు సంవత్సరం. ఆ గుర్తు తెలిస్తే ఇంట్లో కూచునే ఫోనులో తరవాతి తేదీ చూసుకోవచ్చు. ముసలమ్మకు దాన్ని పెద్ద అక్షరాలతో అట్టముక్క మీద రాసి ఇచ్చి, ఫోనులో చూసిపెట్టే పని మన కుర్రవాడికి అప్పగించాను.

ఇక రెండో కొమ్మ, పనుల పట్టిక. కోర్టు జాబితాను చూసి జనం తమ పనుల జాబితాను కూడా డాకెట్టు అనటం మొదలుపెట్టారు. "ఈవేళ నా డాకెట్టులో ఏమున్నది?" అంటే, ఈవేళ నేను చెయ్యవలసిన పనులేమిటి అని.

ఇది మా పేటవాళ్ళకు బాగా తెలిసిన సంగతే, పేరు మటుకు వేరు. ఎర్రగడ్డకు జూబిలీ హిల్సూ, ఫిలిం నగరూ ఎంతో దూరం కావు. సినిమాలలో తెర మీద కనబడేవాళ్ళు కొద్దిమందే గాని, కనబడకుండా పనిచేసేవాళ్ళు వేలమంది ఉన్నారు. మా వీధిలో ఒకాయన సినిమాలకు దీపాలు పెట్టే పని చేస్తాడు. "మాస్టారూ, రేపు తెల్లారుజామున అయిదింటికి కాల్‌షీటండీ," అంటూ ఉంటాడు. కాల్‌షీటు అంటే పిలుపు కాగితం. రేపు ఎక్కడ చిత్రం తీస్తారు, ఎవరెవరు ఎన్ని గంటలకు రావాలి, ఏ ఏ దృశ్యాలు తీస్తారు, ఏ సామాను కావాలి, అన్నీ అందులో ఉంటాయి. ఈ మాట కూడా ఊరుకోలేదు సుమా! తెలుగు సినిమావాళ్ళ నోట దాని అర్థం పెరిగింది. నటుడు ఒక చిత్రానికి కేటాయించిన రోజులను కూడా కాల్‌షీట్లు అంటారు. కాగితం పేరు కాస్తా కాలానికి పేరు అయి కూచున్నది.

సినిమా మాట వచ్చింది గనక మరొక సంగతి. ఇప్పుడు చిత్రాలు కంప్యూటరు ద్వారా సినిమా హాళ్ళకు చేరుతున్నవి గాని, వెనక రీళ్ళుగా రేకు డబ్బాలలో పోయేవి. 35 మిల్లీమీటర్ల ఫిలిం సెకనుకు 24 బొమ్మల చొప్పున కదులుతుంది. ఒక అడుగు ఫిలింలో 16 బొమ్మలు ఉంటాయి. అంటే నిమిషానికి 90 అడుగులు. మూడు గంటల చిత్రానికి ఎంత ఫిలిం కావాలో మీరే లెక్క కట్టండి. 16,200 అడుగులు! వెయ్యి అడుగుల రీళ్ళుగా చుడితే పదహారు నిండి, ఇంకా కాస్త మిగులుతుంది. ఈ రీళ్ళన్నీ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. డబ్బా మీద చిత్రం పేరూ, రీలు సంఖ్యా రాసిన చీటీ ఊడిపోతే, పెళ్ళి అయిన తరవాత పెళ్ళిచూపులు వచ్చే ప్రమాదం ఉన్నది. ఆ చీటీయే మన మాటకు మూడో కొమ్మ.

సరుకు మూట మీది చీటీ, దానితో వచ్చే కాగితం, రెండూ డాకెట్టే. ఆస్ట్రేలియాలో అయితే అంగడిలో కొన్న వస్తువుకు ఇచ్చే రసీదును కూడా డాకెట్ అంటారు. మన లారీ ఆఫీసులలో పాతకాపులు దీన్నే "బిల్టీ" అంటారు. పంపేవారెవరు, అందుకునేవారెవరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, పెట్టెలు ఎన్ని, బరువెంత, కిరాయి ఇచ్చేశారా లేక అక్కడ ఇవ్వాలా అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. నా ఆరు పెట్టెలకూ ఒకే డాకెట్ నంబరు వేశారు. నేను ఇంటి దగ్గరే పెట్టెల మీద "6లో 1", "6లో 2" అని రాసి ఉంచాను. ప్రతి పెట్టెలోనూ పైన పుస్తకాల పట్టీ పెట్టాను. కుర్రవాడి చేత రెండుసార్లు లెక్కపెట్టించాను కూడా.

"ఇన్ని తిప్పలెందుకు సార్?" అని వాడు విసుక్కున్నాడు. దానికి జవాబు చివర చెబుతాను.

లారీ ఆఫీసు నుంచి వస్తూ దారిలో ఒక పెద్ద ఇనప పెట్టె లారీ మీద పోవటం చూశాము. దాన్ని కంటెయినరు అంటారు. మాకు పక్కనే ఉన్న సనత్‌నగరులో అటువంటి పెట్టెల డిపో ఒకటి ఉన్నది. కంటెయినర్ కార్పొరేషన్ అనే కేంద్రప్రభుత్వ సంస్థ దాన్ని నడుపుతున్నది. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న మన ఊళ్ళో అది ఒక పొడి రేవు! ఓడ ఎక్కవలసిన సరుకుకు సుంకం అధికారుల తనిఖీ ఇక్కడే జరుగుతుంది. పెట్టె ఇక్కడే రైలెక్కి రేవుకు పోయి, అక్కడ ఓడ ఎక్కుతుంది.

ప్రపంచమంతటా ఇటువంటి పెట్టెలు లక్షల కొద్దీ తిరుగుతున్నవి. ఒకటి దారి తప్పితే ఎలా? అందుకని ప్రతి పెట్టె మీదా నాలుగు ఇంగ్లీషు అక్షరాలూ, ఏడు అంకెలూ వేస్తారు. మొదటి ఆరు అంకెలు పెట్టె సంఖ్య. ఏడో అంకె కాపలావాడు. ముందున్న వాటిలో ఒకటి తప్పు రాసినా, రెండు అంకెలు తారుమారు చేసినా సాధారణంగా వాడు పట్టేస్తాడు. ఎలాగో చూడండి.

పాఠాలలో ఉదాహరణగా చూపించే ఒక సంఖ్య ఉన్నది: సి, ఎస్, క్యూ, యు అనే అక్షరాలు, వాటి పక్కన 305438, చివర కాపలా అంకె 3. అక్షరాలకు కూడా విలువలు ఉన్నవి. మొదటి అక్షరం "ఎ" విలువ 10. అక్కడి నుంచి వరసగా పోతూ 11, 22, 33 అనే సంఖ్యలను మటుకు వదిలేస్తారు. ఆ లెక్కన సి విలువ 13, ఎస్ విలువ 30, క్యూ విలువ 28, యు విలువ 32.

ఇప్పుడు వరసగా 13, 30, 28, 32, 3, 0, 5, 4, 3, 8 అని రాసుకోండి. మొదటిదాన్ని 1తోనూ, రెండోదాన్ని 2తోనూ, మూడోదాన్ని 4తోనూ, ఇలా ప్రతిసారీ రెట్టింపు చేసుకుంటూ పదోదాన్ని 512తోనూ గుణించండి. వచ్చినవి ఇవి: 13, 60, 112, 256, 48, 0, 320, 512, 768, 4096. అన్నీ కూడితే 6185. దాన్ని 11తో భాగించండి. శేషం 3. అదే కాపలా అంకె! (శేషం 10 వస్తే 0 వేస్తారు.)

ఎవరో తొందరలో 305438ని 304538 అని రాశారనుకుందాం. 5, 4 తారుమారయినవి. మళ్ళీ లెక్క కట్టితే మొత్తం 6249 అవుతుంది. 11తో భాగిస్తే శేషం 1. కాని పెట్టె మీద 3 ఉన్నదే! కంప్యూటరు వెంటనే, "ఇది తప్పు సంఖ్య," అంటుంది. మా ముసలమ్మ తేదీకి ఇటువంటి కాపలావాడు లేడు. అందుకే కాగితం చూడాలి.

ఇప్పుడు కుర్రవాడి విసుగుకు జవాబు చెబుతాను. ఇది నా స్వంత తప్పు తాలూకు కథ.

2001లో నేను ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడినై వెళ్ళాను. ఆ ఏడు 23 మంది పిల్లల చేత స్కాలర్‌షిప్పుకు దరఖాస్తులు పెట్టించాము. గడువు మర్నాటితో ముగుస్తుంది. గుమాస్తా సెలవులో ఉన్నాడు. సాయంత్రం బస్సుకు ఒక ఉపాధ్యాయుడు జిల్లా కేంద్రానికి వెళుతున్నాడు. నేను కాగితాలన్నీ గబగబా పోగుచేసి, దారం కట్టి, పైన "స్కాలర్‌షిప్పు దరఖాస్తులు" అని మాత్రం రాసి ఆయన చేతికి ఇచ్చాను. ఎన్ని ఉన్నవో రాయలేదు. పేర్ల పట్టీ పెట్టలేదు. లెక్కయినా పెట్టలేదు.

కొన్ని నెలల తరవాత 22 మందికి మంజూరయినట్టు ఉత్తరువు వచ్చింది. ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి పేరు లేదు. ఆ పిల్లకు తండ్రి లేడు. తల్లి మిరపతోటలలో కూలికి పోయేది. ఆ డబ్బు వస్తుందనే ఆశతోనే పిల్లను బడికి పంపుతున్నది. నాకు కోపం వచ్చింది. జిల్లా ఆఫీసుకు ఉత్తరం రాశాను. "మీరు పంపినన్నీ చూశాము," అని జవాబు వచ్చింది. మరింత ఘాటుగా మరొక ఉత్తరం రాశాను. "ఎన్ని పంపారో తెలిపే కాగితం నకలు పంపండి," అన్నారు. నా దగ్గర ఏమున్నది, పంపటానికి? ఈలోగా ఆ పిల్ల బడి మానేసి తల్లితో పాటు మిరపకాయలు ఏరటానికి పోయింది.

వేసవి సెలవులలో గోడలకు సున్నం వేయిస్తూ నా గదిలోని బీరువా జరిపించాను. బీరువా వెనక, గోడకు ఆనుకుని, ఆ పిల్ల దరఖాస్తు కనబడింది. అది బడి దాటనే లేదు!

ఆ సాయంత్రం ఒక తెల్లకాగితం తీసి 23 పేర్లు రాసి, ఒక్కొక్క దరఖాస్తుకూ టిక్కు పెట్టి ఉంటే, 22 దగ్గరే ఆగి వెతికేవాడిని. పట్టుమని పది నిమిషాల పని. అది చెయ్యక, తప్పు చెయ్యనివారి మీద రెండు ఉత్తరాలు రాశాను. ఆఫీసువారికి క్షమాపణ రాసుకున్నాను. తరవాత కాగితం పట్టుకుని ఆ తల్లి దగ్గరికి వెళ్ళి, తప్పు నాదేనని చెప్పాను. ఆమె కాగితం చేతిలోకి తీసుకుని చూసింది. ఆమెకు చదువు రాదు.

"కాగితం దొరికింది సారూ. ఏడాది దొరకదు గదా," అన్నది. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

మళ్ళీ జూన్‌లో ఆ పిల్లను బడిలో చేర్చాము. తనకన్న చిన్నపిల్లల మధ్య అదే తరగతిలో కూచుని చదివింది. పది పాసైంది. ఆ తరవాత నేను పదవీ విరమణ చేసేదాకా మా బడి నుంచి ఏ కట్ట పోయినా దాని మీద పట్టీ ఉండేది. ఒకరు చదువుతూ ఉంటే ఒకరు లెక్కపెట్టేవారు. పట్టీకి ఒక నకలు మా దగ్గర ఉండేది.

ఈ కథ విన్న తరవాత కుర్రవాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత, "అయితే సార్, మూడు అర్థాలు కాదు, ఒకటే అర్థం," అన్నాడు.

"ఏమిటది?" అన్నాను.

"కట్ట విప్పకుండా లోపల ఏమున్నదో చెప్పే చీటీ," అన్నాడు.

నేను ఇంత సేపు చెప్పినదాన్ని వాడు ఒక్క వాక్యంలో చెప్పాడు. అదీ డాకెట్టు అంటే!

వాళ్ళ ఇంటర్నెట్టు సంగతి అడుగుతారేమో. నాలుగో రోజున వాళ్ళ నాన్న మళ్ళీ ఫోను చేస్తే, కొత్త గొంతు ఎవరిదో, కథంతా మొదటి నుంచీ చెప్పమన్నదట. పక్కనే ఉన్న కుర్రవాడు నోటుపుస్తకం అట్ట మీద ఉన్న అంకెలు గడగడా చదివాడు. ఆ అంకెలతో పాత ఫిర్యాదు దొరికింది. మర్నాడు మనిషి వచ్చి తీగ బాగుచేసి పోయాడు. ముసలమ్మ కూడా 14వ తేదీన తన సాక్షితో కోర్టుకు వెళ్ళి వచ్చింది. వ్యాజ్యం ఇంకా తేలలేదు గాని, ఆమె పేరు పిలిచినప్పుడు ఆమె అక్కడ ఉన్నది.

పిల్లలూ, ఈ నెల మీకు రెండు పనులు. మొదటిది: మీ ఇంటికి వచ్చిన పార్సెలు మీది చీటీని అమ్మనో నాన్ననో అడిగి తీసుకుని, అందులో ఎన్ని సంగతులు ఉన్నవో రాయండి. అందులో ఏది లేకపోతే పార్సెలు మీ ఇల్లు చేరేది కాదో ఆలోచించండి. రెండోది: పైన చెప్పిన కంటెయినరు సంఖ్యలో మొదటి రెండు అంకెలు తారుమారు చేసి, 035438 అని రాసి శేషం కట్టండి. 7 వస్తే మీ లెక్క సరే.

పెద్దలకు ఒక్క మాట: పిల్లవాడి దరఖాస్తు ఏదైనా ఇచ్చేటప్పుడు నకలూ, తేదీ ఉన్న రసీదూ అడిగి తీసుకోండి. మా బోటి ప్రధానోపాధ్యాయులు కోప్పడినా సరే, అడగండి.